గొట్టం మైకుకు కొలబద్ద



ఇప్పుడు నా మాట మీ దాకా వస్తున్నది ఒక స్పీకరు ద్వారా. అది రేడియో సెట్టు కావచ్చు, సెల్‌ఫోను కావచ్చు, ఆటోలో సీటు వెనక బిగించిన డబ్బా కావచ్చు. వీలుంటే ఓ పని చెయ్యండి. దాని ముఖాన్ని మెల్లగా గోడ వైపు తిప్పండి. నా గొంతు మందగిస్తుంది, స, ష, చ లాంటి అక్షరాల పదును పోతుంది. ఇప్పుడు గది మూలకు జరపండి. గొంతు బరువెక్కి గుమ్మంటుంది. పెరట్లోకి తీసుకెళ్తే పలచబడుతుంది. స్పీకరు అదే, గొంతు అదే, వినిపించేది మాత్రం మూడు చోట్ల మూడు రకాలు. మరి ఈ మూడింటిలో ఆ స్పీకరు అసలు పలుకు ఏది? ఈ చిన్న ప్రశ్నకు నికరమైన జవాబు రాబట్టడానికి ఇంజినీర్లు వందేళ్లుగా కుస్తీ పడుతున్నారు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్పీకరు మోగని పండగ లేదు, పెళ్లి లేదు, ఎన్నిక లేదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ఆ దారి పొడవునా స్తంభాలకు గొట్టం మైకులే. రథసప్తమికి అరసవల్లిలో, శివరాత్రికి శ్రీముఖలింగంలో అదే వరస. బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారు మైకు ఊసే లేని రోజుల్లో గజ్జె కట్టి, కిక్కిరిసిన సభల్లో హరికథ చెప్పారు. రొమ్ము మీద తప్పెట కట్టుకుని ఎగిరి ఆడే మన తప్పెటగుళ్ల వారికీ అప్పట్లో కరెంటుతో పని పడలేదు. ఇవాళ వాళ్ల ముందూ మైకు నిలబెట్టాల్సిందే. ఇంతగా అల్లుకుపోయిన వస్తువును ఎలా కొలుస్తారో తెలుసుకోవడం మనకు అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

రాజాం వైపు మైకుసెట్లు అద్దెకిచ్చే ఒకాయన నాకు బాగా పరిచయం. ఆయన షెడ్డులో ఒక పక్క నల్లటి బాక్సులు, ఇంకో పక్క సొట్టలు పడ్డ అల్యూమినియం గొట్టాలు, గోడ మేకులకు వైరు చుట్టలు. ఓసారి ఆయన అన్నాడు: "మాస్టారూ, ఈ బాక్సు నాలుగొందల వాట్లండి. ఆ గొట్టం ముప్పయ్యే. మరి ఊరి పొలిమేర కాడ నిలబడితే గొట్టమే ఇనిపిస్తాది గానీ బాక్సు ఇనిపించదు. ఏటండీ ఇది?" అనుభవం మీద పుట్టిన ప్రశ్న అది. పాఠ్యపుస్తకంలో ఉండాల్సిన ప్రశ్న.

వాట్ల లెక్క స్పీకరు ఎంత విద్యుత్తును తట్టుకోగలదో చెబుతుంది. ఎంత ధ్వని ఇస్తుందో చెప్పదు. మామూలు కోను స్పీకరులో మనం పంపిన విద్యుత్తులో ధ్వనిగా మారేది నూటికి ఒక వంతు అటూ ఇటూ. మిగిలిందంతా లోపలి తీగచుట్టలో, అంటే వాయిస్ కాయిల్‌లో, వేడైపోతుంది. అందుకే మంచి తయారీదారులు ఇంకో అంకె కూడా ఇస్తారు. ఒక్క వాటు పంపితే, సూటిగా ఎదురుగా ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్సు వస్తాయి అన్నది. కోను బాక్సుకు అది 92 అనుకుందాం. గొట్టం మైకుకు 108 దాకా ఉంటుంది, ఎందుకంటే గొట్టం ఆకారం చిన్న పొర కదలికను బయటి గాలికి బాగా అప్పగిస్తుంది, పైగా ధ్వనిని ఒకే వైపుకు కూడదీస్తుంది. వాట్లు పదింతలైతే 10 డెసిబెల్సు పెరుగుతాయి. ఆ లెక్కన 400 వాట్ల బాక్సు ఇచ్చేది 118. ముప్పై వాట్ల గొట్టం ఇచ్చేది దాదాపు 123. రాజాం ఆయన చెవి సరిగ్గానే విన్నది.

1990ల్లో టేప్‌రికార్డర్ల మీద పి.ఎం.పి.ఓ. అని వేలకు వేల వాట్లు అచ్చువేసి అమ్మారు, గుర్తుందా? ఏ కొలతకూ నిలబడని అంకె అది. ఇప్పటికీ బాక్సు వెనక కనబడే వాట్లు నిలకడగా ఇవ్వగలిగినవా, ఒక్క క్షణం తట్టుకోగలిగినవా అన్నది అడిగి తెలుసుకోవాల్సిందే.

సరే, డెసిబెల్సు కొలుద్దాం. దేనితో? మైకుతోనే, అంటే ధ్వనిని పట్టే మైక్రోఫోనుతో. అయితే ఆ మైకు నిజం చెబుతోందని ఎలా నమ్మాలి? అమెరికాలో ఇ.సి. వెంటే అనే శాస్త్రవేత్త 1917లో కండెన్సరు మైకు గురించి ప్రకటించేదాకా నమ్మదగిన కొలత మైకు లేదని చెప్పొచ్చు. ఇవాళ కొలత మైకును వాడేముందు దాని మూతికి ఒక చిన్న పరికరం తొడుగుతారు. అది 1000 హెర్ట్జ్ దగ్గర సరిగ్గా 94 డెసిబెల్సు మోగిస్తుంది. పీడనంలో చెబితే అది 1 పాస్కల్. మన చుట్టూ ఉన్న గాలి పీడనం లక్ష పాస్కల్స్ పైచిలుకు. అంటే చెవికి బాగా గట్టిగా తగిలే ఆ మోత కూడా గాలిలో లక్షో వంతు కదలికే. ఆ పరికరం నిజం చెబుతోందా అని అడిగితే ఇంకో మెట్టు పైకి వెళ్లాలి. అలా పోగా పోగా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దగ్గర ఉండే ప్రమాణం దాకా చేరతాం. ఈ గొలుసులో ఒక లంకె వదులైనా చివర వచ్చే అంకెకు విలువ ఉండదు.

మైకు సరిగ్గా ఉంది. స్పీకరు బల్ల మీద ఉంది. మీట నొక్కి కొలిస్తే అయిపోతుంది కదా? అక్కడే అసలు తంటా. మైకుకు చేరేది స్పీకరు నుంచి సూటిగా వచ్చిన ధ్వని ఒక్కటే కాదు. నేల మీద, పైకప్పు మీద, నాలుగు గోడల మీద, బల్ల మీద తగిలి తిరిగి వచ్చినదంతా దానికి కలుస్తుంది. కాటాలో సరుకు తూచుతుంటే పక్కవాళ్లు తలా ఓ చెయ్యి ఆనించినట్టు ఉంటుంది వ్యవహారం. కొన్ని చేతులు కిందికి నొక్కుతాయి, కొన్ని పైకి ఎత్తుతాయి.

ఎంత నొక్కుతాయో, ఎంత ఎత్తుతాయో లెక్క కట్టి చూద్దాం. స్పీకరూ మైకూ రెండూ నేలకు మీటరున్నర ఎత్తులో, ఒకదానికొకటి 2 మీటర్ల దూరంలో ఉన్నాయి. సూటిగా వచ్చే ధ్వని 2 మీటర్లు నడుస్తుంది. నేలకు తగిలి వచ్చేది 3 మీటర్ల 60 సెంటీమీటర్లు నడుస్తుంది. తేడా మీటరు 60 సెంటీమీటర్లు. మన ఎండల్లో, 30 డిగ్రీల దగ్గర, గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. 110 హెర్ట్జ్ దగ్గర ఒక అల పొడవు సుమారు 3 మీటర్ల 20 సెంటీమీటర్లు. అంటే మన తేడా సరిగ్గా అందులో సగం. ఒక అల పైకి లేచినప్పుడు రెండోది కిందికి దిగుతుంది. రెండూ చాలావరకు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. గీత గీస్తే 110 దగ్గర లోతైన గుంట పడుతుంది. 220 దగ్గర రెండూ కలిసి గుట్ట లేస్తుంది. చూసినవాడు స్పీకరు పాడైందనుకుంటాడు. స్పీకరుకు ఏ లోపమూ లేదు. మైకును ఒక అడుగు జరిపితే గుంట ఇంకో చోటికి పోతుంది.

పెద్ద గదిలో ఈ తిరుగు ధ్వనులు వందలు, వేలు. వాటిని లేకుండా చేయడానికి రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో లియో బెరానెక్ ఒక గది కట్టించాడు. గోడలు, నేల, పైకప్పు అన్నిటికీ లోపలి వైపు మొనదేలిన గాజు దూది గూటాలు బిగించిన గది. ఇలాంటి గదుల్లో నడవడానికి సాధారణంగా మధ్యలో తీగల వల ఉంటుంది. ధ్వని ఆ మొనల మధ్యకు వెళ్లి అక్కడే అరిగిపోతుంది, తిరిగి రాదు. అక్కడ చప్పట్లు కొడితే చప్పుడు ఆ క్షణమే తెగిపోతుంది. ప్రపంచంలో ఇలాంటి గదులు ఇప్పుడు చాలా ఉన్నాయి. అయితే వాటికీ ఓ హద్దుంది. ఒక స్వరాన్ని మింగాలంటే గూటం పొడవు ఆ అల పొడవులో ఇంచుమించు నాలుగో వంతు ఉండాలి. 1000 హెర్ట్జ్ అల 35 సెంటీమీటర్లే కాబట్టి జానెడు కూడా అక్కర్లేదు. 100 హెర్ట్జ్‌కు 3 మీటర్ల 50, గూటం 90 సెంటీమీటర్ల దాకా కావాలి. చెవికి వినిపించే అడుగు హద్దు 20 హెర్ట్జ్ దగ్గర అల పొడవు 17 మీటర్లు దాటుతుంది, గూటం 4 మీటర్లు దాటుతుంది. ఆరు వైపులా అలాంటివి పెట్టాలంటే గది లోపల గదంత చోటు పోతుంది. అందుకే కోట్లు పోసి కట్టిన గదిలో కూడా అడుగు స్వరాల కొలతను అనుమానించే చూస్తారు.

గది వద్దు, బయటికి పోదాం అంటారు కొందరు. మంచి ఆలోచనే. 1925లో రైస్, కెలాగ్ అనే ఇద్దరు జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు నేటి కోను స్పీకరును లోకానికి చూపించారు. అప్పటి నుంచీ ఆరుబయట కొలిచే ఆనవాయితీ ఉంది. మనకు నాగావళి ఇసుకతిన్నెలున్నాయి, కళింగపట్నం, బారువ తీరాలున్నాయి. గోడ అన్నది కనుచూపు మేరలో లేదు. నేల ఒక్కటి మిగిలింది. దాన్ని తప్పించుకోవడానికి స్పీకరును ఎత్తైన గడ మీదికి లేపుతారు. లేదా నేలను శత్రువుగా కాక చుట్టంగా చూసుకుంటారు. రైతులు ధాన్యం ఎండబెట్టే విశాలమైన సిమెంటు కళ్లం తీసుకోండి. స్పీకరును దాని మీదే పెట్టి, మైకు మూతిని నేలకు ఆనించేలా పడుకోబెడితే, సూటి ధ్వనీ నేల ధ్వనీ ఒకే దారిన, ఒకే క్షణంలో చేరతాయి. చెరుపుకోవడం ఉండదు. అన్ని స్వరాలూ సమానంగా 6 డెసిబెల్సు పెరుగుతాయి. చివర ఆ ఆరు తీసేస్తే సరి. కోట్ల గది లేని ఊళ్లో చేయగలిగిన కొలతల్లో నాకు బాగా నచ్చినది ఇదే. మన పాలిటెక్నిక్ పిల్లలు ఒక ఆదివారం ఉదయం చేసి చూడొచ్చు.

ఉదయం అని ఊరికే అనలేదు. గాలి లేస్తే మైకులో బుస్సుమని చప్పుడు. పక్క రోడ్డు మీద బస్సు పోతే మళ్లీ మొదలు. ఎండెక్కితే నేల దగ్గరి గాలి వేడెక్కి ధ్వని పైకి వంగి పోతుంది. తెల్లవారుజామున నేల దగ్గర చల్లగా, పైన వెచ్చగా ఉంటే కిందికి వంగుతుంది. మూడు ఊళ్ల అవతలి గుడిలో వేసిన సుప్రభాతం ఆ వేళ స్పష్టంగా వినబడి, మధ్యాహ్నం అదే మైకు ఊరి బయటికి కూడా రాకపోవడానికి కారణం ఇదే. సముద్రపు గాలి ఎదురు తిరిగితే ఇంకో లెక్క. గాలిలో తేమను బట్టి సన్నటి స్వరాలు దారిలో హరించుకుపోవడం కూడా మారుతుంది. కాబట్టి బయట తీసిన కొలత పక్కన ఆ వేళ, ఆ ఎండ, ఆ గాలి రాసి ఉండకపోతే దాన్ని ఇంకొకరు సరిచూడలేరు.

తిరిగి వచ్చే ధ్వని ఇబ్బంది నీళ్లలో మోగే సోనార్ పరికరాలకూ ఉంది. తొట్టిలో పెడితే తొట్టి గోడలు మోగుతాయి. అందుకని మన రక్షణ పరిశోధన సంస్థ వాటిని కేరళలోని ఇడుక్కి జలాశయంలో, కుళమావు దగ్గర, లోతైన నీళ్లలోకి దించి పరీక్షిస్తుంది.

గది నుంచి తప్పించుకోవడానికి ఇంకో తెలివైన దారి కాలం. తిరిగి వచ్చే ధ్వని ఎంతైనా ఆలస్యంగా వస్తుంది కదా. ఇందాకటి లెక్కలో ఆ ఆలస్యం సెకనులో వెయ్యో వంతులు నాలుగున్నర. అది రాకముందే మైకు చెవి మూసేస్తే? అమెరికాలో రిచర్డ్ హేసర్ 1967లో ఇలాంటి పద్ధతి చూపించాడు. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే ప్రోగ్రాములు కూడా ఈ పని చేస్తాయి. అయితే ప్రకృతి ఇక్కడా తన వాటా తీసుకుంటుంది. నాలుగున్నర మిల్లీసెకండ్లే విన్నవాడికి, అంతకన్నా నిదానంగా ఊగే అల ఒక్క చుట్టు కూడా పూర్తిగా కనబడదు. అంటే 220 హెర్ట్జ్ కిందివాటి గురించి అతను ఏమీ చెప్పలేడు. ఆ కింది భాగం కోసం మైకును కోనుకు దాదాపు తగిలేంత దగ్గర పెట్టి వేరుగా కొలుస్తారు. అంత దగ్గర గది గొంతు లెక్కలోకి రాదు. 1974లో కీల్ అనే ఇంజినీరు దీనికి గణితం కట్టి ఇచ్చాడు. తర్వాత రెండు గీతలనూ కలిపి కుట్టాలి. ఎక్కడ కుట్టాలో, ఎంత పైకి జరపాలో తెలియకపోతే గీత అందంగానే ఉంటుంది, తప్పుగానూ ఉంటుంది.

ఇంతా చేసి కొలిచింది ఎదురుగా, ఒకే ఒక బిందువు దగ్గర. స్పీకరు చుట్టూ ఉన్న లోకం మాటేమిటి? లావు స్వరాల అలలు బాక్సు కన్నా పెద్దవి కాబట్టి అన్ని వైపులా చుట్టుకుని పోతాయి. సన్నటి స్వరాలు టార్చిలైటు లాగా ముందుకే పోతాయి. మీ రేడియోను గోడ వైపు తిప్పగానే 'స' పోయింది అందుకే. కాబట్టి ఈరోజుల్లో పద్ధతిగా కొలిచేవాళ్లు స్పీకరును పది పది డిగ్రీల చొప్పున అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు తిప్పి 70 చోట్ల కొలుస్తారు. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చేసిన పనిలోంచి వచ్చిన పద్ధతి ఇది. ఆయన ఇంకో పని చేశాడు. స్పీకర్లను తెర వెనక దాచి మనుషులకు వినిపించాడు. ఏ కంపెనీదో, ఎంత ఖరీదో కనబడకపోతే, ఎదురుగా సాఫీగా, పక్కలకు కూడా అదే పోలికలో పలికే స్పీకరునే ఎక్కువమంది మెచ్చుకున్నారు. బాక్సు కనబడితే తీర్పులు మారిపోయాయి. చూపు చెవిని ఎంత లొంగదీస్తుందో తేల్చి చూపిన పని అది. అందుకే నాకు ఆయనంటే గౌరవం.

జర్మనీలో డ్రెస్డెన్ నగరానికి చెందిన వోల్ఫ్‌గాంగ్ క్లిప్పెల్ బృందం తయారుచేసిన యంత్రం ఇంకో అడుగు వేసింది. స్పీకరు మధ్యలో కదలకుండా ఉంటుంది. ఒక ఇనప చెయ్యి మైకును పట్టుకుని దాని చుట్టూ, పైనా, కిందా వందల చోట్ల ఆగుతూ తిరుగుతుంది. ఒకసారి దగ్గరగా, ఇంకోసారి కొంచెం దూరంగా. రెండు వరసల కొలతలనూ పోల్చి, ఏ ధ్వని బయటికి పోతోందో, ఏది గోడ నుంచి లోపలికి వస్తోందో గణితం విడదీస్తుంది. మామూలు గదిలోనే, గూటాలు లేకుండానే. గది చేతులు కాటా మీద ఉన్నా, వాటి బరువెంతో లెక్కకట్టి తీసేయడం అన్నమాట. ఖరీదు మాత్రం పెద్ద సంస్థలు మాత్రమే భరించగలిగినంత.

ఇన్ని కొలతల్లో వెతికేదేమిటో చెప్పడానికి విజయనగరం సంగీత కళాశాల సంగతి ఎత్తుకుంటాను. 1919లో మొదలైన ఆ కళాశాలకు తొలి ప్రిన్సిపాలు నారాయణదాసు గారు. తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు. ఆయన ఫిడేలుకు ఓ గొంతుంది, ఇంకెవరి ఫిడేలుకూ లేనిది. విశాఖపట్నంలో చిన్నతనం గడిపిన సి.వి. రామన్ గారు మృదంగం మీద పరిశోధన చేసి, చర్మం మధ్యన అంటించే నల్లటి మందు వల్లనే దానికి శ్రుతి పలికే గుణం వస్తుందని వివరించారు. వాయిద్యానికి సొంత గొంతు రావడానికి మనవాళ్లు అంత శ్రమపడ్డారు. స్పీకరు సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం, దానికి సొంత గొంతు ఉండకూడదు. ద్వారం వారి ఫిడేలు పలకాల్సిన చోట స్పీకరు కోను తనూ చర్మంలా ముక్కలు ముక్కలుగా కంపించి తన స్వరం కలిపితే, మనం వినేది ఆయన ఫిడేలు కాదు. కొలిచేవాడు వెతికేది ఆ కలిసిన స్వరాన్నే. గీతలో ఓ చోట లేచిన సన్నటి మొన, పంపిన స్వరం ఆగాక కూడా కాసేపు మిగిలే మోత, పంపని స్వరాలు పుట్టడం, ఇవన్నీ దాని గుర్తులు.

వేడి సంగతి కూడా చెప్పాలి. ఊరేగింపులో గంటల తరబడి బాక్సును పూర్తిగా తెరిచి కొడితే లోపలి రాగి తీగ 200 డిగ్రీలు దాటగలదు. అంత వేడికి రాగి నిరోధం ఇంచుమించు మూడింట రెండు వంతులు పెరుగుతుంది. కరెంటు తక్కువ పోతుంది, ధ్వని 4 డెసిబెల్సు దాకా పడిపోవచ్చు. అప్పుడు పిల్లలు వాల్యూమ్ ఇంకా పెంచుతారు, తీగ ఇంకా కాలుతుంది. కాబట్టి ఒక్క వాటుతో కొలిచి వంద వాట్లకు లెక్క హెచ్చవేసుకోవడం కాగితం మీద బాగుంటుంది గానీ రాత్రి పది గంటలకు వీధిలో ఉన్న బాక్సుకు వర్తించదు.

ఇప్పుడు చట్టం వైపు వద్దాం, ఎందుకంటే కొలత తప్పయితే ఇక్కడ దెబ్బ తగిలేది మనుషులకే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు హద్దు. బహిరంగ స్థలంలో స్పీకరు పెడితే ఆ స్థలం సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు హద్దు కన్నా 10 ఎక్కువ, లేదా 75, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది దాటకూడదు. అంటే నివాస ప్రాంతంలో పగలు 65. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా మోగించకూడదు. సాంస్కృతిక, మతపరమైన పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. 2005 జులైలో సుప్రీంకోర్టు ఈ విషయం మీద విపులమైన తీర్పు ఇచ్చింది.

మంచి నిబంధనలే. కానీ ఆ డెసిబెల్సు పక్కన 'ఎ' అనే అక్షరం ఉంటుంది. మనిషి చెవి లావు స్వరాలను తక్కువగా వింటుంది కాబట్టి, మీటరు కూడా వాటిని తగ్గించి చూపేలా అమర్చిన లెక్క అది. 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్సు కోసేస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర 30 కోసేస్తుంది. ఆ తగ్గింపు మెల్లని శబ్దాలకు సరిపోతుంది. డీజే బాక్సుల దడదడ ఎక్కువగా ఆ 50 నుంచి 100 మధ్యనే. వీధిలో 50 హెర్ట్జ్ స్వరం 95 డెసిబెల్సు మోగుతుంటే మీటరు చూపేది 65. నిబంధన ప్రకారం అంతా సవ్యం. ఇంట్లో మాత్రం కిటికీ అద్దాలు అదురుతుంటాయి, గూట్లో గిన్నెలు గలగలమంటాయి, ముసలాయన గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చుంటాడు. "మీటరు బాగానే ఉందమ్మా" అన్న జవాబు ఆ ఇంటావిడకు ఎలా నచ్చుతుంది? లావు స్వరాలను దాదాపు కోయని 'సి' లెక్క కూడా మీటర్లలో ఉంటుంది. అది 50 హెర్ట్జ్ దగ్గర ఒకటింపావు మాత్రమే తగ్గిస్తుంది. రెండూ చూసి, మధ్య తేడా రాస్తే ఆ ఇల్లు చెబుతున్నది నిజమని తెలుస్తుంది. డీజే మీద ఫిర్యాదు వచ్చినప్పుడు ఈ రెండో అంకె కూడా నమోదు చేయాలని నా అభిప్రాయం. అదనంగా ఖర్చయ్యేది మీట నొక్కడమే.

చెవి గురించి ఇంకో వింత. నా గొంతు అడుగు స్వరం సుమారు 120 హెర్ట్జ్ ఉంటుంది. మీ చేతిలోని ఫోను స్పీకరు దాన్ని దాదాపు పలకనే పలకదు, అంత చిన్న పొరకు చేతకాదు. అయినా నేను ఆడగొంతుతో మాట్లాడుతున్నట్టు మీకు అనిపించదు. 240, 360, 480 దగ్గరి పై స్వరాలు విని, వాటి మధ్య దూరాన్ని బట్టి, లేని అడుగును మెదడే పూరించుకుంటుంది. ఇంత ఉదారమైన చెవిని నమ్ముకుని స్పీకరు బాగుందని తేల్చలేం. మీటరు ఒక్కదాన్నీ నమ్మలేం. రెండూ ఒకదాన్నొకటి సరిచూసుకుంటూ పోవాలి.

ఈ కొలతలు సంగీతానికో, పెళ్లి బాక్సులకో పరిమితం అయితే నేను ఇంత సేపు మాట్లాడను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అలాంటి రాత్రుల ముందు కరెంటు ఉంటుందో పోతుందో, ఫోను పలుకుతుందో లేదో. అప్పుడు పల్లెకు చేరేది ఆటోకు కట్టిన గొట్టం మైకు మాట. ఆ మాటలో "వేటకు వెళ్లకండి" అనే హెచ్చరిక ఉంటుంది. 'క' ఒక్కటి గాలిలో పోతే మిగిలేది "వేటకు వెళ్లండి". ఆ 'క' అనే చప్పుడు సెకనులో వెయ్యో వంతులు కొన్ని పదులు మాత్రమే ఉంటుంది. దాని బలం ఎక్కువగా 1500 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య. గొట్టం పక్కకు తిరిగి ఉంటే మొదట పోయేది ఆ భాగమే. ఎదురుగాలికి, దూరానికి, లోపలి పొర చిరుగుకు మొదట బలయ్యేదీ అదే. అచ్చులు మిగులుతాయి. దూరం నుంచి "ఏదో అరుస్తున్నాడు" అని తెలుస్తుంది గానీ ఏమిటో తెలియదు.

ఇంకో చిక్కు రెండు గొట్టాలది. వీధికి ఆ చివరొకటి, ఈ చివరొకటి కట్టి ఒకే మాట పంపిస్తారు. వంద మీటర్ల తేడా ఉన్న చోట రెండో గొట్టం మాట మూడో వంతు సెకను కన్నా కాస్త తక్కువ, అంటే ఒకటి రెండు అక్షరాలంత, ఆలస్యంగా వస్తుంది. ఒక అక్షరం మీద ఇంకో అక్షరం పడి అలికేస్తుంది. వాల్యూమ్ పెంచితే రెండూ పెరుగుతాయి, అర్థం మాత్రం పెరగదు. 17 మీటర్ల లోపు తేడా, అంటే సెకనులో ఇరవయ్యో వంతు లోపు ఆలస్యం అయితే చెవి రెండిటినీ ఒకటిగా కలుపుకుంటుంది. అది దాటితే చెడగొడుతుంది.

మాట ఎంత స్పష్టంగా చేరుతోందో కొలవడానికి 1970లలో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు హౌట్‌గాస్ట్, స్టీనెకెన్ ఒక పద్ధతి తయారుచేశారు. మాటలో బలం పెరుగుతూ తగ్గుతూ ఉండే లయ వినేవాడి దాకా ఎంత చెక్కుచెదరకుండా చేరిందో సున్నా నుంచి ఒకటి దాకా అంకె వేస్తారు. హెచ్చరిక వ్యవస్థలకు కనీసం 0.5 ఉండాలన్నది చాలాచోట్ల పాటించే హద్దు. ఆ అంకె వేసే యంత్రం మన మత్స్యకార గ్రామాల్లో దొరకదు, ఫరవాలేదు. దానికన్నా పాతదీ, ఇప్పటికీ నిలిచిందీ ఇంకో పద్ధతి ఉంది. టెలిఫోను లైన్లను పరీక్షించడానికి బెల్ ప్రయోగశాలలో వాడినది. ఒకరు మాటల జాబితా చదవడం, ఇంకొకరు విన్నది కాగితం మీద రాయడం, ఎన్ని సరిపోయాయో లెక్కపెట్టడం.

మన తీరంలో అక్టోబరు, నవంబరు తుపాన్లు రాకముందే ఈ పని చేసుకోవచ్చు. బడిలో మాస్టారు గాని, పంచాయతీలో కార్యదర్శి గాని ఒక యాభై విడి మాటలు రాయాలి. పడవ, గడప, తెర, దొర, కట్ట, గట్టు లాంటివి, ఒకదాని బదులు ఇంకొకటి అనిపించేవి. వెళ్లండి, వెళ్లకండి రెండూ అందులో ఉండాలి. ఊరి మైకులో వాటిని వరస తప్పించి, మామూలు వేగంతో చదివించాలి. పదో తరగతి పిల్లలు పలకో పుస్తకమో పట్టుకుని నాలుగు చోట్ల నిలబడాలి. గొట్టానికి ఎదురుగా ఒకరు, పక్కగా ఒకరు, వెనక ఒకరు, రేవు దగ్గర పడవల మధ్య ఒకరు. గాలి లేని ఉదయం ఒకసారి, సముద్రపు గాలి బలంగా ఉన్న సాయంత్రం ఇంకోసారి. తప్పిన మాటలు ఏ చోట ఎక్కువున్నాయో చూసి ఆ వైపుకు గొట్టం తిప్పాలి, లేదా ఎత్తు మార్చాలి, ఒకదాన్నొకటి చెడగొడుతున్న రెండు గొట్టాల్లో ఒకటి తీసేయాలి. మైకు పట్టుకున్నవాడు అరుస్తుంటే ఆపి, నోటికి బెత్తెడు దూరం పెట్టుకుని నిదానంగా చదవమనాలి. మార్చిన తర్వాత అదే జాబితా మళ్లీ చదివించి, ఈసారి ఎన్ని తప్పాయో పాత లెక్క పక్కనే తేదీ వేసి రాసి పంచాయతీ ఆఫీసులో ఉంచాలి.